ఆరు గంటల పూజ

మెట్టుగూడ గుడిలో ఆరు గంటల పూజ
ఇరవై రెండు నిమిషాలు.
ప్రసంగం ఉంటే ఇరవై ఆరు.
నాకు తెలుసు, లెక్కపెట్టుకుంటాను.
ఆరూ యాభైకి ఉప్పల్ డిపోలో సంతకం పెట్టాలి,
మెట్రో నడిపేదాన్ని,
తలుపులు తెరవడం మూయడం సెకన్లలో బతికేదాన్ని.

మా ఫాదరు జోజిబాబు గారు మంచివాడు.
ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా
అర్ధరాత్రి బండేసుకుని వస్తాడు.
సిలువ గుర్తు వేసుకుంటే మాత్రం
ఈగని తోలుకున్నట్టుంటుంది.
మేం తక్కువా?
ఆయన ‘ప్రభువు’ అనేలోపే
మా ‘మీ ఆత్మతోను’ అయిపోతుంది.
ఆమెన్ వీపు మీదికి ఇంకో ఆమెన్ ఎక్కుతుంది,
చిలకలగూడ దగ్గర బస్సు ఫుట్‌బోర్డు మీద మనుషుల్లా.

లూర్దమ్మ ఒక్కతే
మైకుకి సగం వాక్యం వెనక.
రైల్వే ఆస్పత్రిలో ముప్పై ఏళ్లు
దుప్పట్లు మడతపెట్టిన చేతులు.
పరలోక జపాన్ని
చేటలో బియ్యం ఏరినట్టు
ఒక్కో మాటా చూసి వదులుతుంది.
అందరం కూర్చున్నాక
ఆమె ఆమెన్ వినపడుతుంది.
పిల్లలు నవ్వుతారు.
నేనూ ఓసారి నవ్వాను.

జూలైలో జోజిబాబు గారు ధ్యానాలకి వెళ్లారు.
ముసలి గురువుల ఆశ్రమం నుంచి ఆటోలో
బాలశౌరి ఫాదరు వచ్చారు.
పక్షవాతం వచ్చి తగ్గిన మనిషి.
పీఠానికి మూడు మెట్లు.
రాయప్ప భుజం పట్టుకుని ఎక్కారు,
మెట్టుకో మజిలీ.
నేను గడియారం చూశాను.
వంగి పీఠాన్ని ముద్దుపెట్టుకున్నారు
జ్వరం తగ్గిందా అని
బిడ్డ నుదురు చూసినట్టు.
గడియారం మళ్లీ చూశాను.

అప్పం ఎత్తారు.
చేతులు వణుకుతున్నాయి, అప్పమూ వణుకుతోంది,
అటే చూస్తూ కుర్రాడు గంట కొట్టడం మరిచాడు.
దించారు. మోకరించారు. లేచారు.
ఆ తర్వాత
ఏమీ లేదు.

పైన మొదటి మెట్రోల్లో ఒకటి వెళ్లింది,
ఆ చప్పుడు నాకు లోపలి నుంచే తెలుసు,
బయటి నుంచి ఇంత సేపు ఎప్పుడూ వినలేదు.
మూడో ఫ్యాను కిర్రుమంది.
ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.
గుడి మొత్తం ఒకే ఊపిరి పట్టుకుని
ఆయన పెదవుల దగ్గర నిలబడింది.
ఎంత భక్తి, అనుకున్నాను.
నా కళ్లలో నీళ్లు తిరిగాయి కూడా.

అప్పుడు రెండో బెంచీలోంచి
తాళంచెవి ఎక్కడ పెట్టావో గుర్తుచేసే గొంతుతో
లూర్దమ్మ అంది:
“అట్లే, ఫాదరూ.
అట్లే భోజనమైన తరువాత.”

ఆయన తలూపారు. “ఆఁ, అట్లే,” అని
గిన్నె అందుకున్నారు.
రోజూ అందరికంటే వెనక ఉండే మనిషి
ఆవేళ ఒక మాట ముందుంది.

అది ధ్యానమో మతిమరుపో
ఇప్పుడు నాకు తెలుసు.
మోకాళ్లకి మాత్రం అప్పుడూ ఇప్పుడూ
తేడా తెలియలేదు.

నలభై ఎనిమిది నిమిషాలు.
డిపోలో ఆలస్యం కాగితం ఇచ్చారు.
‘కారణం’ అన్న గడిలో
చాలాసేపు పెన్ను పెట్టి ఉంచి
ట్రాఫిక్ అని రాశాను.
శనివారం పాపసంకీర్తనంలో అదీ చెప్పాలి.

సోమవారం జోజిబాబు గారు వచ్చేశారు.
ఇరవై రెండు నిమిషాలు.
నాకు హాయిగానే ఉంది, అబద్ధమెందుకు.
కానీ పరలోక జపంలో
‘అన్నము’ దగ్గర ఏదో తగిలింది,
పంటి కింద రాయిలా.
ఆగాను.
అంతా నన్ను దాటుకుని ఆమెన్ చేరి
బెంచీల మీద కూర్చున్నారు.
పక్కకి చూస్తే
లూర్దమ్మ ఇంకా ‘నేటికి’ దగ్గరే ఉంది,
నాకోసం ఆగి కాదు,
ఆమె నడక అంతే.